సిరియా, ఈజిప్టు చేజారడానికి క్రైస్తవ శాఖల వైరమే కారణమా?

తూర్పుగాలి:
636 ఆగస్టులో యర్మూక్ నది వద్ద బైజాంటైన్ (కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్) సామ్రాజ్యపు సైన్యం అరబ్బుల చేతిలో ఓడిపోయింది. 642 సెప్టెంబరులో ఆ సామ్రాజ్యపు దళాలు అలెగ్జాండ్రియా రేవులో ఓడలెక్కి వెళ్లిపోయాయి. ఆరున్నర శతాబ్దాలకు పైగా రోమన్ల ఏలుబడిలో ఉన్న రెండు సంపన్న ప్రాంతాలు ఆరేళ్లలో పోవడానికి ప్రధాన కారణం మతమేనని నా అభిప్రాయం. క్రీస్తు అనే ఒకే వ్యక్తిలో దైవ, మానవ స్వభావాలు రెండూ ఉన్నాయని 451లో కాల్సెడోన్ మహాసభ తీర్మానించింది. ఆ రెండూ ఏకమై ఒకే స్వభావంగా ఉన్నాయని నమ్మిన కోప్టులూ (ఈజిప్టు స్థానిక క్రైస్తవులు), సిరియాలో అనేకులూ దానిని ఒప్పుకోలేదు. చక్రవర్తులు వారిని కొన్నాళ్లు బుజ్జగించారు, కొన్నాళ్లు వారి బిషప్పులను వెళ్లగొట్టారు. 631లో హెరాక్లియస్ చక్రవర్తి పంపిన సైరస్ అలెగ్జాండ్రియా పాత్రియార్క్ (ప్రధాన మతాధిపతి) పీఠాన్నీ, ఈజిప్టు పాలననూ తానొక్కడే చేతబట్టి కోప్టులను హింసించాడు. వారి పాత్రియార్క్ బెంజమిన్ ఏళ్ల తరబడి అజ్ఞాతంలో గడిపితే, అభయమిచ్చి వెనక్కి పిలిపించినవాడు అరబ్ సేనాని అమ్ర్ ఇబ్న్ అల్ ఆస్. తమ మతగురువును దాచుకోవలసి వచ్చిన జనం ఆ రాజు కోసం ఎందుకు పోరాడతారు?

తాళపత్రం:
తూర్పుగాలి గారు చెప్పిన సంఘటనలతో నాకు పేచీ లేదు. వాటి నుంచి తీసిన నిర్ధారణను మాత్రం అంగీకరించలేను. రోమన్ల క్రూరత్వం నుంచి తమను విడిపించడానికే దేవుడు ఇష్మాయేలు సంతతిని, అంటే అరబ్బులను, పంపాడన్న మాట మనకు ముఖ్యంగా మైఖేల్ ద సిరియన్ అనే క్రైస్తవ చరిత్రకారుడి గ్రంథం ద్వారా తెలుసు. ఆయన 12వ శతాబ్దపు మనిషి. ఆయన ఆధారపడిన రచనలలో ముఖ్యమైనది కూడా 9వ శతాబ్దానిదే. తరతరాలుగా ముస్లిం పాలకుల కింద బతుకుతూ, ఆ బతుకుకు ఒక అర్థం వెతుక్కుంటున్న సమాజం చెప్పుకున్న వివరణను 636 నాటి సిరియా రైతు మనసులోని మాటగా చదవడం సరికాదు.

ఆ కాలంలోనే రాసినవారు ఏమన్నారో చూద్దాం. 640 ప్రాంతంలో రాసిన థామస్ అనే సిరియాక్ మతాధికారి ఏకస్వభావవాదే. 634లో గాజా సమీపంలో జరిగిన పోరులో పాలస్తీనాకు చెందిన 4,000 మంది పేద పల్లెజనం, క్రైస్తవులూ యూదులూ సమారీయులూ, హతమయ్యారని ఆయన నమోదు చేశాడు. అందులో స్వాగతం ఛాయ ఎక్కడా లేదు.

ఇక నగరాలను అప్పగించినది ఎవరు? జెరూసలేం లొంగుబాటు ఒప్పందం చేసుకున్న పాత్రియార్క్ సోఫ్రోనియస్ కాల్సెడోన్ సిద్ధాంతానికి గట్టి మద్దతుదారు. అలెగ్జాండ్రియా విషయంలో 641 నవంబరులో అమ్ర్‌తో సంధి చేసుకున్నది, మీరు పీడకుడన్న ఆ సైరసే. చక్రవర్తి పక్షంవారే కోటలు అప్పగించారన్న సంగతిని మీ వాదం ఎక్కడ ఇముడ్చుకుంటుంది?

నా దృష్టిలో అసలు కారణం 602 నుంచి 628 వరకు ససానియన్ వంశం ఏలిన పారశీకంతో సాగిన యుద్ధం. 614లో జెరూసలేం పోయింది, పవిత్ర శిలువ పారశీకానికి తరలిపోయింది. 619 నాటికి అలెగ్జాండ్రియా కూడా పోయింది. 626లో రాజధానినే అవార్లు అనే సంచార జాతి, పారశీకులు రెండు వైపులా ముట్టడించారు. హెరాక్లియస్ చివరికి గెలిచాడు, 630లో శిలువను తిరిగి జెరూసలేంలో నిలిపాడు. కానీ ఖజానా వట్టిపోయింది, సిరియా, ఈజిప్టులలో పాలనా యంత్రాంగాన్ని మళ్లీ మొదటి నుంచి కట్టుకోవలసి వచ్చింది. అరబ్బులు వచ్చేసరికి ఈజిప్టులో ఇరవై ఏళ్ల యువకుడికి పారశీకుల పాలన ఎంత పరిచయమో కాన్‌స్టాంటినోపుల్ పాలనా అంతే పరిచయం. పన్ను కడితే ప్రాణం, ఆస్తి, చర్చి దక్కుతాయన్న షరతు ముందుంచినప్పుడు, సాయానికి సైన్యం రాదని తెలిసిన ఊరు ఏ శాఖదైనా అదే నిర్ణయం తీసుకుంటుంది.

నడివీధి చదువరి:
ఆ తరువాత పారశీకం ఏమైందో ఎవరూ తలవకపోవడం ఆశ్చర్యంగా ఉంది. అక్కడ రాజవంశానిది జరతుష్ట్ర మతం. కాల్సెడోన్ తగాదాతో ఆ రాజ్యానికి సంబంధం లేదు. అయినా సిరియా, ఈజిప్టులను వదులుకుని బైజాంటైన్ సామ్రాజ్యం ఇంకో ఎనిమిది శతాబ్దాలు నిలిచింది, పారశీకం మాత్రం పూర్తిగా కూలిపోయింది. 651లో మెర్వ్ నగరం దగ్గర చివరి రాజు యజ్దగిర్ద్ హత్యతో ఆ వంశపు ఏలుబడి ముగిసింది. ఒకే పాతికేళ్ల యుద్ధంలో పరస్పరం అలసిపోయిన ఇద్దరూ ఒకే దశాబ్దంలో దెబ్బతిన్నారంటే, కారణాన్ని ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నదానిలో వెతకాలి కదా?

తూర్పుగాలి:
పారశీకం పోలిక బలమైనదే, కానీ అది నా సాక్షిని తప్పించదు. నికియు బిషప్పు జాన్ 7వ శతాబ్దం చివర్లో ఈజిప్టులోనే ఉండి చరిత్ర రాశాడు. ఆయన గ్రంథం ఇప్పుడు ఇథియోపియా గీజ్ భాషానువాదంలో మాత్రమే మిగిలింది. రోమన్లు ఓడి వెళ్లిపోవడానికి హెరాక్లియస్ దుష్టత్వం, సైరస్ చేసిన హింస కారణమని జనం అనుకున్నట్టు అందులో స్పష్టంగా ఉంది. ఆక్రమణను కళ్లారా చూసినవారు అప్పటికి ఇంకా ఉన్న రోజులవి. 12వ శతాబ్దపు కథనమంటూ దీనిని కొట్టివేయలేరు.

తాళపత్రం:
కొట్టివేయను, మొత్తం చదవమంటాను. అదే గ్రంథంలో అమ్ర్ సైనికులు నికియు పట్టణంలో, అంటే ఆ బిషప్పు సొంత పీఠంలో, చర్చిలలో దొరికినవారిని స్త్రీలనీ పిల్లలనీ చూడకుండా చంపారని ఉంది. ప్రజలపై వేసిన పన్నుల భారం గురించీ ఉంది. ఓటమి దేవుడు విధించిన శిక్ష అని చెప్పడం ఆ కాలపు చరిత్రకారులందరి అలవాటు. శిక్షకు గురైనది ఏ శాఖ అన్నది మాత్రం రాసినవారి శాఖను బట్టి మారుతుంది. సోఫ్రోనియస్ తన పక్షపు క్రైస్తవుల పాపాలనే కారణంగా చూపించాడు.

మతవైరానికి అసలు పాత్ర లేదని నేను అనను, అది కనిపించేది తరువాతి అంకంలో. 645లో బైజాంటైన్ నౌకాదళం అలెగ్జాండ్రియాను తిరిగి పట్టుకుంది, మరుసటి ఏడాదే పోగొట్టుకుంది. ఆ తరువాత ఈజిప్టు మళ్లీ వారికి దక్కలేదు. కోప్టులు 725 నుంచి పన్నులపై పదేపదే తిరగబడ్డారు, 832లో ఖలీఫా మామూన్ స్వయంగా వచ్చి ఆఖరి పెద్ద తిరుగుబాటును అణచివేశాడు. ఆ కోపమంతా కాన్‌స్టాంటినోపుల్ పట్ల విధేయతగా మారలేదంటే దానికి పాత వైరం ఒక కారణమని ఒప్పుకోవచ్చు. పోగొట్టుకోవడం వేరు, తిరిగి తెచ్చుకోలేకపోవడం వేరు.

తూర్పుగాలి:
అలాగైతే పాలకులే ఈ వైరానికి ఎందుకు అంత భయపడ్డారు? రెండు పక్షాలనూ కలపడానికి క్రీస్తుకు ఉన్న సంకల్పం ఒక్కటేనని హెరాక్లియస్ ఎక్తెసిస్ అనే శాసనం వెలువరించాడు. 648లో ఆయన మనుమడు కాన్‌స్టాన్స్ ఆ చర్చనే నిషేధించాడు. ఆ ప్రాంతాలు ఇక రావని తేలాక, 680-81 మహాసభలో ఆ ఏకసంకల్ప సిద్ధాంతాన్ని ఖండించి పక్కన పెట్టేశారు. రాజకీయ అవసరం ఉన్నంత కాలమే ఆ రాజీ బతికింది. దాని వెనుక ఉన్నది తూర్పు ప్రాంతాల విధేయత గురించిన ఆందోళనే.

తాళపత్రం:
ఆందోళన నిజమే. అయితే ఎక్తెసిస్ వెలువడినది 638లో. అప్పటికి యర్మూక్ జరిగి రెండేళ్లయింది, డమాస్కస్, అంతియొకయ పోయాయి. ఆ శాసనం వెనుక ఉన్న రాజీ సూత్రాన్ని మొదటి నుంచీ ఎదిరించినవాడు ఏకస్వభావవాది కాడు, చక్రవర్తి సిద్ధాంతానికే చెందిన సోఫ్రోనియస్. ఈజిప్టులో ఆ సూత్రాన్ని ఒప్పించడానికి వెళ్లినవాడు సైరస్. మీరు మొదట చెప్పిన హింస ఆ ఒప్పించడంలో భాగంగా జరిగినదే.