నిక్సీ ట్యూబులకి ఏ రెసిస్టర్ వేయాలి? 8 సగమే వెలుగుతోంది

పర్లాకిమిడి కుర్రాడు:
అన్నలూ, ఆరు ఐఎన్-12 నిక్సీ ట్యూబులతో (గాజు లోపల అంకెల ఆకారపు తీగలు వెలిగే పాతకాలం ట్యూబులు) గడియారం కడుతున్నాను. 12 వోల్టుల అడాప్టర్ నుంచి బూస్ట్ సర్క్యూట్‌తో 170 వోల్టులు తీసి, ఒక్కో ట్యూబు ఆనోడ్‌కి (ప్లస్ పిన్నుకి) 33కె, అంటే 33 వేల ఓముల రెసిస్టర్, కింద ఏ అంకె వెలగాలో ఎంచే కె155ఐడీ1 చిప్పు పెట్టాను. 1 నిండుగా వెలుగుతోంది, కానీ 8 వచ్చేసరికి కింది సున్నా మాత్రం వెలిగి పైది నల్లగా ఉండిపోతోంది. పాత ట్యూబులు కదా, పోయాయేమోనని టెన్షన్. మా బాబాయేమో 230 కరెంటునే నేరుగా డీసీ చేసి వాడుకోమంటున్నారు. ఇక్కడి రేడియో షాపులో 15, 22, 33 తప్ప లేవు.

బరంపురం రేడియో:
తమ్ముడూ, ట్యూబులు బాగానే ఉన్నాయి, వాటికి తిండి చాలడం లేదు. వెలిగాక ఐఎన్-12 మీద సుమారు 140 వోల్టులు నిలుస్తాయి, మిగిలిన 30 నీ 33కె మీద పడితే 0.9 మిల్లీఆంప్స్, కావలసింది 2.5. 8కి తీగ ఎక్కువ, కరెంటు తక్కువైతే ఆ వెలుగు తీగంతా పాకదు. ఉన్న 170కే 15కె వేసినా 2 దగ్గర ఆగిపోతుంది, పైగా పాత ట్యూబులు అంటుకోవడానికే 170 అడుగుతాయి. సప్లైని 195కి పెంచి 22కె వెయ్యి. ట్యూబుకీ ట్యూబుకీ నాలుగైదు వోల్టులు తేడా ఉంటుంది, రెసిస్టర్ మీద 30 మాత్రమే ఉంటే ఆ తేడా కంటికి కనిపిస్తుంది, 55 ఉంటే అంతగా తెలియదు. పావు వాట్ చాలు. బూస్ట్‌లో 195 నిలిపే కెపాసిటర్ 250 వోల్టులకి తగ్గకూడదు.

230 నేరుగా మాత్రం వద్దు బాబూ! డీసీ చేస్తే 325 దాకా పోతుంది, బోర్డంతా మెయిన్స్‌లో ఉన్నట్టే, ఇంట్లో ఎవరు చెయ్యి పెట్టినా ప్రాణం మీదికి వస్తుంది.

సిరొంచ నుంచి:
ఇంకో మాట. ఖర్చు తగ్గుతుందని రెండు ట్యూబులకి ఒకే రెసిస్టర్ పెట్టకు, ముందు వెలిగినది వోల్టేజీని 140కి లాగేస్తే రెండోది అంటుకోదు. చిప్పు బదులు ట్రాన్సిస్టర్లు వాడేవాళ్లు ఎంపీఎస్ఏ42 తీసుకోండి, అది 300 వోల్టులు తట్టుకుంటుంది, చేతికందిందని బీసీ547 పెడితే దాని హద్దు 45 వోల్టులే. బూస్ట్‌లో డయోడ్ 1ఎన్4007 అయితే మార్చెయ్యి, అది నెమ్మది, ఊరికే వేడెక్కుతుంది, యూఎఫ్4007 వెయ్యి. మాకు ప్రాణహిత పక్కన వానాకాలం బోర్డు మీద తేమ పట్టి, వెలగాల్సిన అంకె పక్కన ఇంకో అంకె మసగ్గా కనిపించేది. పిన్నుల మధ్య మిగిలిన ఫ్లక్స్‌ని (టంకం వేసేటప్పుడు వాడే జిగురు) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్దాక పోయింది.

పర్లాకిమిడి కుర్రాడు:
22కె వేసి 196కి పెంచాను. కరెంటు ఇవ్వకముందే మీటర్ క్లిప్పులు రెసిస్టర్‌కి తగిలించి, తర్వాత ఆన్ చేసి చూస్తే 54 వోల్టులు, అంటే 2.45 మిల్లీఆంప్స్. 8 నిండుగా వచ్చింది అన్నా! ఒక ట్యూబులో మాత్రం 3 కింది కొస ఇంకా నల్లగా ఉంది.

బరంపురం రేడియో:
ఏళ్ల తరబడి వాడని అంకె మీద మసి పడుతుంది. ఆ 3నే కొన్ని రోజులు ఆపకుండా వెలిగించు, చాలాసార్లు తిరిగొస్తుంది. తర్వాత ప్రోగ్రాములో రాత్రిపూట అన్ని అంకెలూ ఒక రౌండు తిరిగేలా పెట్టుకో.