అప్‌డేట్: శుభలేఖ మీది ‘జానక్యాః’ శ్లోకం ఛందస్సు తేలింది

అక్క పెళ్లి శుభలేఖ మీద, సీతారాముల పెళ్లిలో తలంబ్రాలుగా పోసిన ముత్యాలను వర్ణించే ‘జానక్యాః’ అనే సంస్కృత శ్లోకం వేశాం. దాని మొదటి పాదానికి గణాలు (గురు లఘువుల వరుసను బట్టి చేసే అక్షరాల గుంపులు) కుదరడం లేదని, యతిప్రాసలూ కనిపించడం లేదని అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పాదాల అక్షరాలు లెక్కించి పోల్చమన్న సలహాతోనే చిక్కు వీడింది. మిగతా మూడు పాదాల్లో 19 అక్షరాలుంటే మొదటిదానిలో 17 ఉన్నాయి. కార్డులో ‘కమలాంజలిపుటే’ అని అచ్చయింది; ఉండవలసింది ‘కమలామలాంజలిపుటే’. సరిచేయగానే మ-స-జ-స-త-త-గ అనే గణాలు వరుసగా చక్కగా పడ్డాయి. అంటే ఇది శార్దూల విక్రీడితం అనే వృత్తమే. మాకు తెలిసిన సంస్కృత అధ్యాపకులు కూడా ఈ పాఠమే సరైనదన్నారు.

మత్తేభం అనే మరో వృత్తమేమో అన్న అనుమానం వదిలేయవచ్చు, దానికి పాదానికి 20 అక్షరాలు. యతిప్రాసల కోసం వెతకడమూ అక్కరలేదు. తెలుగు పద్యంలోలాగా ఒకటో అక్షరానికీ పదమూడో అక్షరానికీ మైత్రి (ధ్వనిలో పోలిక) కుదరాలన్న నియమం సంస్కృతంలో లేదు. అక్కడ యతి అంటే పన్నెండో అక్షరం తర్వాత విరామం. అన్ని పాదాల్లో రెండో అక్షరం కలవాలన్న ప్రాస కూడా తప్పనిసరి కాదు.

మరి చెవికి అంత ఇంపు ఎక్కడిదంటే, మొదటి మూడు పాదాలూ ‘ఆయితాః’ అనే ముగుస్తాయి. సీత దోసిట్లో కెంపులుగా, రాముడి తలపై మొల్లలుగా, ఆయన నల్లని మేని మీదుగా జారుతూ ఇంద్రనీలాలుగా మారేవి ఆ ముత్యాలే! ఎంత అందమైన ఊహ!

రిసెప్షన్ కార్డులు సరైన పాఠంతో అచ్చు వేయించాం.