అమ్రాబాద్ గుట్టల్లో ఫోన్ పోతే హామ్ రేడియో పనికొస్తుందా?

ప్రశ్న (అమ్రాబాద్ నుంచి): గాలివాన వస్తే మా దగ్గర ముందు కరెంటు పోతుంది, దాని వెనకే సెల్ టవర్. మేం నలుగురం హామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సొంతంగా మాట్లాడుకునే రేడియో) కోసం ఐదు వాట్ల చేతి సెట్లు కొందామనుకుంటున్నాం. అచ్చంపేట దాకా అందుతుందా అన్నా?

జవాబు (నల్లగొండ హామ్, అంటే హామ్ రేడియో వాడే మనిషి): తమ్ముడూ, ముందు లైసెన్స్ పరీక్ష రాయండి, కొనడం తర్వాత. అందులో కింది మెట్టు రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) అక్కర్లేదు. 144 మెగాహెర్ట్జ్ చేతి సెట్ దాదాపు కంటిచూపు మేరకే పనిచేస్తుంది, నల్లమల గుట్ట అడ్డమొస్తే అంతే సంగతులు. మీకు 7 మెగాహెర్ట్జ్ సెట్ కావాలి. దానికి యాంటెన్నాగా చెరో పది మీటర్ల తీగలు రెండు, వేపచెట్ల మధ్య మరీ ఎత్తుగా కాకుండా కట్టండి. తరంగం నిటారుగా పైకెళ్లి అయనావరణం (ఆకాశంలో చాలా ఎత్తున ఉండే, రేడియో తరంగాల్ని వెనక్కి తిప్పే పొర) నుంచి కిందికి తిరిగొస్తుంది, గుట్టలతో పనే లేదు. పగలు హైదరాబాద్ దాకా మాట్లాడొచ్చు. కారు బ్యాటరీ చాలు. 2004 సునామీలో పోర్ట్ బ్లెయిర్ నుంచి ఎన్నో కబుర్లు హామ్‌లే చేరవేశారు.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి): సెట్టు సరే, అవతల వినేదెవరు? 108 వాళ్లు హామ్ బ్యాండ్ వినరు కదా!

నల్లగొండ హామ్: మంచి ప్రశ్న. ఫోన్ పనిచేసే ఊళ్లో ఇంకో హామ్ ఉండాలి, 108కి ఫోన్ చేసేది ఆయనే. వారం వారం ఒకే టైముకి పిలుచుకోవడం ఇప్పుడే మొదలెట్టండి. ఆదివారం పొద్దున నేను వింటాను.