శ్రీశైలం నడకకు ముందు ఒక రోజు ఖాళీ: దండగేనా?

మారతహళ్ళి అక్క:
అందరికీ నమస్కారం. మాది అనంతపురం. ఇరవై ఏళ్ళుగా బెంగళూరులోనే ఉంటున్నాం. మా వీధి చివర ఉండే కన్నడవాళ్ళు ఏటా ఉగాదికి శ్రీశైలం నడిచి వెళ్తారు. ఆ ఇంటి అజ్జి (కన్నడంలో అవ్వ) లెక్కలో భ్రమరాంబ వాళ్ళింటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. పండక్కి కూతురికి చీర పెట్టకుండా ఎలా ఉంటాం అంటుంది. ఆవిడకు డెబ్బై దాటాయి. ఆవిడ నడుస్తుంటే నలభై ఏడేళ్ళ నేను ఇంట్లో కూర్చోవడం సిగ్గనిపించి, ఈసారి నేనూ వస్తానని మాటిచ్చేశాను.

చిక్కల్లా ప్రయాణం దగ్గరే. వాళ్ళు రాత్రి ఇక్కడ టెంపో ఎక్కి, తెల్లారేసరికి ఆత్మకూరు దగ్గరి వెంకటాపురంలో దిగి, మొహం కడుక్కుని నడక మొదలుపెడతారు. నాకేమో బండిలో కునుకు కూడా పట్టదు. అందుకే ఒక రోజు ముందే నంద్యాల వెళ్ళి, నిదానంగా ఉండి, ఆత్మకూరులో వాళ్ళను కలుసుకుందామనుకుంటున్నాను. "రెండు రోజుల నడకకు ముందుగానే ఒక రోజు రెస్టా?" అని మా ఆయన నవ్వుతున్నారు. మీరేమంటారు? వెళ్తే ఆ రోజంతా ఏం చేయాలి?

మడివాళ కుర్రోడు:
అక్కా, టెంపోలోనే వెళ్ళండి. దారి పొడుగునా భజనలు, చిత్రాన్నం పొట్లాలు, ఆ సందడే వేరు. ఒక్కరే ముందు వెళ్తే బోరు కొడుతుంది. నిద్రదేముంది, అడవిలో చెట్టు కింద పడుకోవచ్చు.

హెబ్బాళ మావయ్య:
తమ్ముడికి పాతికేళ్ళుంటాయేమో, వయసు మాట్లాడిస్తోంది. నేను రెండు రకాలుగానూ వెళ్ళాను కాబట్టి చెప్తాను.

2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. మేమూ రాత్రి బండిలోనే వెళ్ళాం. నిద్ర లేదు, దానికి తోడు నేల నిప్పులా ఉంది. నాగలూటి వీరభద్రస్వామి గుడి దాకా హుషారుగానే ఉన్నాను. అక్కడి నుంచి పాతకాలపు రాతిమెట్లు మొదలవుతాయి, రెడ్డిరాజుల నాటివంటారు. సగం ఎక్కేసరికి కళ్ళు తిరిగాయి. రాత్రికి పెచ్చెరువులో ఆగినప్పుడు పిక్కలు రెండూ పట్టేశాయి. మర్నాడు భీముని కొలను లోయలోకి దిగడం ఒక ఎత్తు, ఎదురుగా ఉన్న మెట్లెక్కి కైలాసద్వారం చేరడం ఒక ఎత్తు. ఎవరో కంబి (మల్లన్న మొక్కుకి భుజాన మోసే కావడి) మోసే కన్నడాయన తన కర్ర నా చేతికిచ్చి నడిపించాడు. కంబి మోసేవాడి దగ్గర కర్ర తీసుకున్నానే అన్న సిగ్గు ఇప్పటికీ పోలేదు.

2025లో ముందే వెళ్ళాను. మధ్యాహ్నం బెంగళూరులో రైలెక్కితే పెనుకొండ కోట, ధర్మవరం, అనంతపురం అన్నీ కిటికీలోంచి చూసుకుంటూ, బేతంచెర్ల వచ్చేసరికి చీకటి పడింది. నంద్యాలలో స్టేషన్‌కి దగ్గరగా ఉన్న లాడ్జిలో పడుకున్నాను. పొద్దున అలారం పెట్టుకోలేదు. లేచి ఉగ్గాణి (బొరుగుల ఉప్మా) బజ్జి తిని (అనంతపురం ఆవిడకు ఉగ్గాణి సంగతి నేను చెప్పాలా!) ఆటోలో మహానంది వెళ్ళాను. దారంతా అరటి తోటలు. కోనేట్లో నీళ్ళు రొమ్ముల దాకా ఉంటాయి, కింద పడ్డ రూపాయి బిళ్ళ కూడా కనిపిస్తుంది. అందులో అరగంట ఊరికే నిలబడ్డాను. మధ్యాహ్నం భోంచేసి మళ్ళీ పడుకున్నాను. సాయంత్రం బస్సులో ఆత్మకూరు. అంతే.

ఆ ఏడు కర్ర నా చేతిలో నాదే ఉంది. దారి అదే, 40 కిలోమీటర్ల పైమాటే.

నంద్యాల అల్లుడు:
మా అత్తగారి ఊరి పేరు విని ఆగలేకపోయాను. ఎలాగూ ఒక రోజు ఉంది కదా, నవనందులు తొమ్మిదీ చూసేయండి. ప్రథమ నంది, నాగ నంది, సోమ నంది ఊళ్ళోనే ఉన్నాయి. ఆటో మాట్లాడుకుంటే సాయంత్రానికి అన్నీ అయిపోతాయి. పుణ్యానికి పుణ్యం.

హెబ్బాళ మావయ్య:
అల్లుడుగారూ, ఈ పనే నా తోటి ఒకాయన చేశాడు. తొమ్మిది గుళ్ళు, తొమ్మిది చోట్ల చెప్పులు విడవడం, ఎండలో కాలిన బండల మీద ప్రదక్షిణలు. సాయంత్రానికే అరికాళ్ళలో బొబ్బలు లేచాయి. నడక మొదలవకముందే! నవనందులు కార్తీకంలో చూడొచ్చు, ఎక్కడికీ పోవు. అక్కయ్యగారూ, మహానంది ఒక్కటి చాలు. అక్కడ కూడా బండలు కాలకముందే, పొద్దున్నే వెళ్ళిరండి.

యలహంక టీచరమ్మ:
నేను రెండుసార్లు నడిచాను. ఆడవాళ్ళకు పనికొచ్చే రెండు మాటలు. ఆ ఖాళీ రోజున గోళ్ళు తీసుకోండి, ఇంట్లో హడావిడిలో అందరం మర్చిపోయేది అదే. దిగేటప్పుడు బొటనవేలి గోరు ప్రాణం తీస్తుంది. రెండోది, సంచి మొత్తం మంచం మీద బోర్లించి మళ్ళీ సర్దండి. నేను అలా చేస్తే రెండు చీరలు, పెద్ద దుప్పటి, ఊరగాయ సీసా మిగిలాయి. ఊరగాయ లాడ్జి కుర్రాడికిచ్చాను. దారిలో భక్తులకు అన్నం, మజ్జిగ పెట్టే పందిళ్ళుంటాయి, తిండి మోయక్కర్లేదు. అది పులుల అభయారణ్యం కాబట్టి ప్లాస్టిక్ కవర్లు కూడా తీసేయండి. అజ్జి చీర మాత్రం మీ సంచిలో పెట్టుకోండి, ఆవిడ బరువు తగ్గుతుంది.

మారతహళ్ళి అక్క:
అందరికీ ధన్యవాదాలు. రైలు టికెట్ బుక్ చేశాను. మా అజ్జిని అడిగితే "సుమ్నే (ఊరికే) ఒక రోజు కూర్చోవడం నీవల్ల అవుతుందా?" అంది. నాకూ అదే అనుమానం. చీర సంగతి ఎత్తితే మాత్రం ఒప్పుకోలేదు, కూతురి చీర అమ్మే మోయాలట. మడివాళ తమ్ముడూ, వచ్చేటప్పుడు టెంపోలోనే వస్తాలే.

మా ఆయన ఇందాకే ఇదంతా చదివారు. ఇప్పుడు నంద్యాల దాకా తనూ వస్తారట, ఉగ్గాణి కోసం. ఆత్మకూరులో వెనక్కి బస్సెక్కిస్తాను.