జ్యూరర్‌ని తెలుగులో ఏమనాలి? ఆ మాట పుట్టుక ఏమిటి?

డబ్బింగ్_యూసుఫ్‌గూడ
అమెరికా కోర్టు సిరీస్‌కి తెలుగు డైలాగులు రాయాలి. జ్యూరీలో, అంటే కేసు విని దోషా కాదా తేల్చే మామూలు పౌరుల బృందంలో, ఒకరిని 'జ్యూరర్ నంబర్ సిక్స్' అని పిలిచేచోట 'న్యాయనిర్ణేత' పెట్టొచ్చా? మాట పుట్టుక తెలిస్తే నిర్ణయించడం తేలిక.

మాటలమూట
మూలం లాటిన్. 'యూరారే' అంటే ఒట్టు పెట్టడం, 'యూరాటోర్' అంటే ఒట్టు పెట్టినవాడు. పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకొచ్చి జ్యూరర్ అయింది. అంటే మాట లోపల ఉన్నది తీర్పు కాదు, ప్రమాణం. తప్పుడు ప్రమాణాన్ని పర్జరీ అనడం, అఫిడవిట్ చివర 'నా ఎదుట ప్రమాణం చేశారు' అని నోటరీ సంతకం పెట్టే ముక్కని జ్యూరాట్ అనడం అందుకే. జ్యూరిస్ట్ దీనికి చుట్టమే గానీ అర్థం వేరు: న్యాయశాస్త్ర పండితుడు. ఈ రెంటినీ కలిపేసేవాళ్లు చాలామంది.

నాంపల్లి_వకీలు
న్యాయనిర్ణేత వద్దండి. పాటల పోటీకి బాగుంటుంది, కోర్టు సీన్లో పెడితే జడ్జి అనుకుంటారు. నేరం చేశాడా లేదా అన్నది జ్యూరీ తేలుస్తుంది. ఏ సాక్ష్యం చెల్లుతుందో, చాలా కేసుల్లో శిక్ష ఎంతో చెప్పేది జడ్జి. కాబట్టి 'జ్యూరీ శిక్ష వేసింది' అని రాయకండి, 'దోషి అని తేల్చింది' అనండి.

చార్మినార్_చాయ్
మనకి 'పంచులు' ఉంది కదా సార్?

నాంపల్లి_వకీలు
ఉంది, కానీ పనికిరాదు. పంచనామాలో పంచులు సాక్షులు. సోదా దగ్గర ఇద్దరున్నా చాలు, చూసినదానికి సంతకం పెడతారు, తీర్పు చెప్పరు. మన పోలీసు కాగితాల్లో వాళ్లని మధ్యవర్తులు అని కూడా రాస్తారు.

మన దగ్గరా జ్యూరీ ఉండేది. 1959లో బొంబాయి నానావతి కేసులో (భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారి) జ్యూరీలో తొమ్మిదిమందికి ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు. సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపితే అక్కడ దోషిగా తేలాడు. ఆ ఒక్క కేసుతోనే జ్యూరీ పోయిందనేది అతిశయోక్తి. చట్టంలోంచి పూర్తిగా తీసేసింది 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్. పార్శీల విడాకుల కేసుల్లో జ్యూరీలాంటి డెలిగేట్లు మాత్రం మిగిలారు.

మాటలమూట
డబ్బింగ్‌కి నా సలహా: మొదటిసారి 'జ్యూరీ సభ్యులు' అని పరిచయం చేసి, తర్వాత 'జ్యూరర్' వాడండి. 'సభ్యుడు' పెడితే మూడక్షరాలు పెరిగి పెదవి కదలికకి అందదు, పైగా ఆడవాళ్లొస్తే 'సభ్యురాలు' అని మార్చాలి. 'ఆరో నంబర్ జ్యూరర్' అంటే సరిపోతుంది. ఫోర్‌మన్‌కి 'జ్యూరీ పెద్ద' చాలు. 'హంగ్ జ్యూరీ' వచ్చినప్పుడు మాత్రం జాగ్రత్త: 'జ్యూరీ ఒక మాట మీదికి రాలేదు' అని రాయాలి, అక్కడ ఉరి ప్రసక్తే లేదు!