చర్చ: వేడి కాఫీ కప్పు ఒంటరితనాన్ని తగ్గిస్తుందా?

బీచ్‌రోడ్డు:
ఒంటరి పెద్దలు నలుగురితో కలవాలంటే ముందు ఒళ్లు వెచ్చబడాలట. అందుకని విశాఖ వృద్ధాశ్రమాల్లో సాయంత్రాలు వేడి కాఫీ, హాట్ వాటర్ బ్యాగులు ఇద్దామని కొందరి ఆలోచన. ఆధారం 2008లో మనస్తత్వవేత్తలు విలియమ్స్, బార్గ్ 'సైన్స్' పత్రికలో వేసిన వ్యాసం: వేడి కాఫీ కప్పు కాసేపు పట్టుకున్నవాళ్లకి ముక్కూమొహం తెలియని మనిషి కూడా ఆప్యాయుడిలా తోచాడు. ఖర్చు పెట్టొచ్చంటారా?

సింహగిరి:
వద్దండి. ఆ కాఫీ ప్రయోగంలో ఉన్నది 41 మంది. అదే వ్యాసంలో వేడి ప్యాక్‌తో ఇంకోటి ఉంది. 2014లో దాన్ని 861 మందితో మళ్లీ చేస్తే తేడా కనబడలేదు. 2019లో కాఫీదీ, ప్యాక్‌దీ రెండూ మళ్లీ చేశారు, రెంటిలోనూ తేడా రాలేదు. అయినా మే నెల ఉక్కపోతలో, చెమటే ఆరని ఊళ్లో, కాపడం పెడతామంటే ఎవరు కూర్చుంటారు?

ఉక్కునగరం:
కప్పు సంగతి ఒప్పుకుంటా. వెచ్చదనం మొత్తాన్నీ కొట్టిపారేయకండి. చర్మంలో సి-టాక్టైల్ నరాలని ఉన్నాయి, మెల్లగా నిమిరినప్పటి హాయిని మెదడుకు చేరవేసేవి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరితే, అదీ సుమారు 32 డిగ్రీల స్పర్శయితే, బాగా పలుకుతాయి. అది మామూలు చర్మం వేడిమే. అంతకన్నా వేడైనా, చల్లనైనా స్పందన తగ్గుతుంది. అరచేతిలో ఇవి బాగా తక్కువ, ముంజేతిని నిమరాలి. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైన కంగారూ సంరక్షణ చూడండి: నెలలు నిండని బిడ్డను తల్లి గుండెలకు ఆనించి రోజుకు 8 నుంచి 24 గంటలు ఉంచమంటుంది డబ్ల్యూహెచ్‌వో. ప్రాణాలే నిలుస్తున్నాయి.

సింహగిరి:
అందులో తల్లిపాలున్నాయి, ఇన్ఫెక్షన్లు తగ్గడం ఉంది, తల్లి పక్కనే ఉండి చూసుకోవడం ఉంది. ఏది వేడి వల్లో విడదీసి చెప్పగలరా?

వార్డు డ్యూటీ:
ఆ వాదన మీరు తేల్చుకోండి గానీ, బ్యాగులు ఇస్తే మాత్రం జాగ్రత్త. మరుగుతున్న నీళ్లు పొయ్యొద్దు. మూడింట రెండు వంతులు నింపి, గాలి నొక్కేసి బిరడా బిగించాలి. తువ్వాలు చుట్టి నడుముకు పెట్టండి. షుగర్ ఉన్నవాళ్ల పాదాలకు అసలొద్దు: స్పర్శ పోయి ఉంటుంది, బొబ్బ లేచేదాకా తెలియదు. పెట్టుకుని నిద్రపోనివ్వకండి. నిద్ర కోసమే అయితే స్నానం నయం. పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు 40 డిగ్రీల నీళ్లతో 10 నిమిషాలు. ఆ తర్వాత ఒళ్లు చల్లబడుతూ నిద్ర పడుతుంది. వేడి నీళ్లకి బీపీ పడిపోయి తూలొచ్చు, పీట వేసి కూర్చోబెట్టండి.

ఉక్కునగరం:
సింహగిరి గారూ, విడదీయలేను. అందుకే బ్యాగులు మాని ఆయాల పని గంటలు పెంచమంటున్నా. తల దువ్వడానికీ, ముంజేతికి నూనె రాయడానికీ మనిషికి పావుగంట దొరికేలా.

బీచ్‌రోడ్డు:
బ్యాగులకైతే దాతలున్నారు. నెలనెలా ఆయాల జీతం ఎవరిస్తారండీ?