ములగచెట్టు కొమ్మలు మనమే కొట్టుకోవచ్చా? కత్తి జారి చెయ్యి తెగింది

పర్లాకిమిడి పెరడు:
అందరికీ నమస్తే. మా ఇంటి వెనక అమ్మ పెంచిన ములగచెట్టు ఈ ఏడు డాబా దాటిపోయింది, ఒక పెద్ద కొమ్మ వంటింటి రేకుల మీదకి వాలి ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పాత ములగ విరిగి ఇవే రేకుల మీద పడింది, అందుకే గాలివానలు మొదలవకముందే తగ్గించేద్దామని పోయిన ఆదివారం నాన్న కత్తి పట్టుకుని దిగాను. మణికట్టు లావు కొమ్మని ఎడంచేత్తో వంచి పట్టుకుని కొడుతుంటే, మూడో దెబ్బకి కత్తి దిగకుండా బెరడు మీద జారి బొటనవేలి మొదట్లో తగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆ రోజే అమ్మ కత్తి దాచేసింది. పెద్ద కొమ్మ ఇంకా అలాగే ఉంది, పనివాళ్ళు దొరకడం లేదు. చిన్న బ్యాటరీ రంపం కొననా? గాలి వీస్తే చాలు టెన్షన్ వస్తోంది.

గుణుపురం వడ్రంగి:
తమ్ముడూ, ముందు చెయ్యి మాననీ. కత్తి దిగకుండా జారిందని రాశావు, అంటే అంచు మొద్దుబారింది. మొద్దు కత్తితో బలంగా కొట్టాల్సి వస్తుంది, బలంగా కొట్టిన దెబ్బ ఎటు పోతుందో మన చేతుల్లో ఉండదు. రెండోది, కొట్టే చోటు దగ్గర ఇంకో చెయ్యి ఉండకూడదు. వంచాలంటే కొమ్మ చివర తాడు కట్టి దూరంనుంచి లాగాలి. పిడి కూడా ఊపి చూడు, వదులుగా ఉంటే నీళ్ళలో నానబెడితే ఆ పూటకి బిగుస్తుంది గానీ ఆరగానే మళ్ళీ ఊగుతుంది, కొత్త పిడి వేయించుకో.

అసలు ఈ పనికి కత్తి వద్దు, లాగితే తెగే మడత రంపం కొను. మొదలుకి అడుగు దూరంలో, కిందివైపు నుంచి మూడోవంతు లోతు కొయ్యి. దానికి రెండంగుళాలు బయటికి జరిగి పైనుంచి కొయ్యి. కొమ్మ పడిపోతుంది, బెరడు మాత్రం చెట్టు మీదకి చీలుకురాదు. మిగిలిన మోడుని చివర్లో తీసెయ్, కాండం దగ్గర ఉబ్బుగా కనిపించే మెడని మాత్రం వదిలెయ్, గాయం మూసుకునేది దాని నుంచే.

బరంపురం నర్సు:
కుట్లు పడినప్పుడు టీటీ వేయించుకున్నారా? లోతు గాయం, మట్టి తగిలే పని, చివరి ఇంజెక్షన్ అయిదేళ్ళు దాటితే మళ్ళీ వేస్తారు, అడగండి. అందరికీ చెప్తున్నాను, తెగిన చోట పసుపు, కాఫీపొడి వేసుకుని వస్తున్నారు, దాన్నంతా కడగడానికే మాకు అరగంట పడుతుంది, ఆ మనిషికి ప్రాణం పోతుంది నొప్పితో. శుభ్రమైన గుడ్డ పెట్టి పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టండి, ఆగిందా లేదా అని మధ్యలో తీసి చూడొద్దు. చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచండి. వేలు కదపలేకపోయినా, మొద్దుబారినా వెంటనే డాక్టరుకి చూపించండి, నరమో కండర తాడో తెగి ఉండొచ్చు.

పాతపట్నం అక్క:
మీ పక్కూరిదాన్నే. ములగ ఎక్కొద్దు బాబూ, ఆ చెక్క పుటుక్కున విరుగుతుంది, కాలు పెట్టినప్పుడు తెలియదు. నిచ్చెన కొమ్మకే ఆనించి ఆ కొమ్మనే కోసేవాళ్ళని చూశాను, భయమేసింది. కొమ్మ పక్కనుంచి కరెంటు తీగ పోతుంటే మీరు ముట్టుకోకండి, కరెంటాఫీసులో చెప్పి సప్లయి ఆపించాకే పని. మానుమీద గొంగళిపురుగులు గుంపుగా ఉంటాయి, పొద్దున్నే చూసి చేతులకి గ్లవుజులు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

బ్యాటరీ రంపం మాత్రం ఇప్పుడే వద్దు. చైను కొన కొమ్మకి తగిలిందంటే రంపం ఎగిరి మొహం మీదకే వస్తుంది, మీకింకా ఒక చేత్తోనే పట్టు ఉంది. కాపు అయ్యాక మనిషిని పెట్టి నేలకి మూడడుగుల ఎత్తులో కొట్టించేయండి, మళ్ళీ చిగురేస్తుంది, కాయలు కిందనుంచే కోసుకోవచ్చు.

పర్లాకిమిడి పెరడు:
నర్సు గారూ, టీటీ ఆ రోజే వేశారు. వేలు బాగానే కదులుతోంది. పైన తీగ ఉందని ఇప్పుడే చూశాను, మా కొమ్మకి జానెడు దూరం కూడా లేదు. రేపు కరెంటాఫీసుకి వెళ్తున్నాను. మడత రంపం మాత్రం కొంటాను, చిన్న జామ కొమ్మలతో మొదలుపెడతా. గుణుపురం అన్నా, కోసే ముందు పళ్ళకి నూనె రాయాలా, వద్దా?

గుణుపురం వడ్రంగి:
కోసేముందు వద్దు, పిడి మీదకి జారితే పట్టు పోతుంది. పని అయ్యాక జిగురు తుడిచి, ఆరబెట్టి, రెండు చుక్కల కొబ్బరినూనె రాసి మడిచి పెట్టు, పిల్లలకి అందని ఎత్తులో.